వరి నీళ్లలో పండుతుంది, కంది ఎందుకు చస్తుంది?

జూలైలో నాలుగు రోజులు ముసురు పట్టి వదిలాక పొలంగట్టు మీద నిలబడితే ఒక వింత కనిపిస్తుంది. గట్టుకు ఒక పక్క మడిలో, చీలమండ లోతు నీళ్లలో వరి నవనవలాడుతూ ఉంటుంది. రెండో పక్క మెట్ట చేనులో, నీళ్లు బయటికి పోయే దారి లేక నిలిచిన చోట, కంది మొక్కలు తలలు వాల్చేసి ఉంటాయి. వాన ఒకటే, ఊరి మట్టి ఒకటే. పైగా ఆ కంది వాడిన తీరు అచ్చం నీళ్లు చాలక ఎండిన మొక్క తీరే. మొదలు చుట్టూ నీళ్లు నిండుగా ఉండగా మొక్క దాహంతో వాడిపోవడమేమిటి?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే చెరువు అడుగు మట్టి నల్లగా ఉండి ఎందుకు కంపు కొడుతుందో, కోరంగిలో మడ చెట్లు బురదలోంచి వేళ్లను పైకి ఎందుకు పొడుస్తాయో, కొల్లేరు సరస్సులో గట్లు కడితే ఏం పోతుందో వరసగా అర్థమవుతాయి. అందుకే నిదానంగా, వేరు దగ్గర మొదలుపెడదాం.

వేరుకు గాలి ఎందుకు?

వేరుకు ఎండ తగలదు, తన ఆహారం తాను తయారుచేసుకోలేదు. ఆకు పంపిన చక్కెరే దానికి ఆధారం. ఆ చక్కెర నుంచి శక్తి రాబట్టాలంటే ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్ అణువు నుంచి కణానికి సుమారు 30 ఏటీపీ అణువులు, అంటే కణం ఖర్చుపెట్టుకోగల శక్తి, చేతికొస్తాయి. ఆక్సిజన్ లేకపోతే చక్కెరను పులియబెట్టుకోవడం ఒక్కటే దారి. అప్పుడు దక్కేవి రెండే. చక్కెర అంతే ఖర్చవుతుంది, రాబడి పదిహేనో వంతుకు పడిపోతుంది.

మామూలు నేలలో మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉంటుంది. లీటరు గాలిలో ఆక్సిజన్ సుమారు 270 మిల్లీగ్రాములు. మన వేసవి ఉష్ణోగ్రతల్లో లీటరు నీటిలో కరిగి ఉండేది మహా అయితే 8 మిల్లీగ్రాములు. ఇది సగం కథే. ఉన్న కాస్త ఆక్సిజనూ నీటిలో ఒక చోటి నుంచి మరో చోటికి పాకే వేగం గాలిలోకన్నా దాదాపు 10,000 రెట్లు తక్కువ. మట్టి ఖాళీలు నీటితో నిండాయంటే వేరుకూ పైనున్న గాలికీ మధ్య తలుపు మూసుకున్నట్టే. కింద ఉన్నది అయిపోతుంది, పైనుంచి రాదు.

కంది తల వాల్చడానికి కారణం ఇక్కడ ఉంది. వేరు కణాల పొరల్లో నీరు లోపలికి వెళ్లడానికి సన్నటి ద్వారాలుంటాయి. ఆక్సిజన్ అందక కణం లోపల ఆమ్లం పెరిగితే ఆ ద్వారాలు ముడుచుకుపోతాయి. పైన ఆకులు ఆవిరి వదులుతూనే ఉంటాయి, కింద వేరు నీటిని లోపలికి రానివ్వడం మానేస్తుంది. చుట్టూ నీళ్లున్నా మొక్కకు లేనట్టే. మిరప తోటలో ఒకటి రెండు రోజులు నీళ్లు నిలిస్తే రైతు గుండె ఎందుకు జారిపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ముసురు వెలిసి ఎండ కాసిన రోజునే తోట ఎక్కువగా వాడుతుంది. ఎండకు ఆకుల దాహం పెరుగుతుంది, వేరు ఇంకా తేరుకోదు.

నీళ్ల కింద మట్టి ఎందుకు రంగు మారుతుంది?

వేరు ఒక్కటే కాదు, మట్టిలో కోట్లాది సూక్ష్మజీవులు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. దమ్ము చేసి నీరు పెట్టిన మడిలో, ముఖ్యంగా పచ్చిరొట్ట తొక్కించి ఉంటే, ఒకటి రెండు రోజుల్లోనే మట్టిలోని ఆక్సిజన్ అయిపోతుంది. పైన నీటికి ఆనుకుని ఉన్న పలుచని పొరలో మాత్రం కాస్త మిగులుతుంది. అంతటితో సూక్ష్మజీవులు చావవు. వాటిలో కొన్ని జాతులకు ఆక్సిజన్ బదులు వేరే పదార్థాలతో నెట్టుకొచ్చే నేర్పుంది. ఏది ఎక్కువ లాభమో ముందు దాన్ని వాడతాయి: మొదట నైట్రేట్, తర్వాత మాంగనీస్, ఆ తర్వాత ఇనుము, ఆపైన సల్ఫేట్. అన్నీ అయ్యాక చివరికి మిగిలేది మీథేన్ తయారుచేసే బృందం. నీట మునిగిన మట్టిలో ఈ వరసను ఓపికగా కొలిచి, వరి పొలాలకు అన్వయించి చెప్పినవారిలో ముఖ్యుడు శ్రీలంకకు చెందిన ఎఫ్.ఎన్. పొన్నంపెరుమ. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1972లో ఆయన రాసిన సుదీర్ఘ వ్యాసాన్ని ఈ విషయం చదివేవాళ్లు ఇప్పటికీ తిరగేస్తారు.

ఈ వరసలో ప్రతి మెట్టూ మన కంటికో ముక్కుకో ఆనవాలు ఇస్తుంది. గాలి తగిలే ఇనుము తుప్పు రూపంలో ఉంటుంది, అందుకే ఎర్రనేల ఎర్రగా ఉంటుంది. సూక్ష్మజీవులు ఆ ఇనుమును మార్చేస్తే అది నీటిలో కరిగే రూపంలోకి వస్తుంది, మట్టి బూడిద రంగుకో నీలం కలిసిన ఆకుపచ్చకో తిరుగుతుంది. కొత్త చోట ఒక మూర లోతు తవ్వి చూస్తే, నీరు ఎక్కడిదాకా వచ్చి ఎన్నాళ్లు నిలుస్తుందో ఈ రంగే చెబుతుంది. అంతా బూడిద రంగయితే ఏడాది పొడుగునా తడి. బూడిద రంగు మధ్య తుప్పు మచ్చలుంటే నీరు వచ్చి పోతోందని అర్థం. చెరువు ఎండిన నెలలో కూడా మట్టి ఈ సాక్ష్యం చెప్పగలదు. అందుకే ఒకచోట నీరు కనిపించలేదన్న కారణంతో అది చిత్తడి నేల కాదని తేల్చేయడం నాకు ఒప్పనిపించదు.

ఇనుము తర్వాత సల్ఫేట్ వంతు. దాన్ని వాడుకున్న సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. అది ఇనుముతో కలిస్తే మట్టి కారునలుపవుతుంది. చెరువు అడుగున ఉండే ఆ నల్లటి బురదను మురికిగా చూస్తాం గానీ అందులో మురికి ఉండి తీరాలని లేదు. అది గాలి అందని మట్టి సహజ రూపం.

నైట్రేట్ సంగతి వేరేగా చెప్పుకోవాలి. సూక్ష్మజీవులు వాడుకున్న నైట్రేట్ చివరికి నత్రజని వాయువై గాల్లో కలిసిపోతుంది. వరికి నైట్రేట్ రూపంలో ఎరువు వేస్తే ఇలాగే పోతుంది, అందుకే వరికి యూరియా, అమ్మోనియం రకాలు వాడతారు. పొలంలో రైతుకు నష్టమైన ఈ పనే కొల్లేరు వంటి చోట ఊరికి లాభం. పైనున్న పొలాల నుంచి మురుగు కాలువల్లో కొట్టుకొచ్చిన నత్రజనిలో కొంత భాగాన్ని ఈ బురద గాలిలోకి పంపేస్తుంది. భాస్వరానికి మాత్రం ఇలా గాల్లోకి పోయే దారి లేదు. గాలి తగిలే మట్టిలో తుప్పును పట్టుకుని ఉండే భాస్వరం, ఇనుము కరిగినప్పుడు తానూ విడిపోయి నీటిలోకి వస్తుంది. ఎరువుల నీరు ఏళ్ల తరబడి చేరిన చెరువులో కొత్తగా ఏమీ కలవకపోయినా గుర్రపు డెక్క విరగబడి పెరగడానికి ఇదొక కారణం.

మరి వరి ఎలా బతుకుతుంది?

వరి వేరును అడ్డంగా కోసి భూతద్దం కింద పెడితే పెద్ద పెద్ద గాలి గదులు కనిపిస్తాయి. వేరు పెరిగే క్రమంలో కొన్ని కణాలు చచ్చి ఖాళీ చేసిన చోటు అది. ఆకు, కాడ, వేరు ఒకదానికొకటి కలిసి ఉన్న ఈ దారి గుండా పైనున్న గాలి వేరు కొసదాకా దిగుతుంది. గాలి గాలిలోనే ప్రయాణిస్తుంది కాబట్టి ఆ 10,000 రెట్ల అడ్డంకి తప్పిపోతుంది. దారిలో ఆక్సిజన్ బయటి బురదలోకి కారిపోకుండా వేరు పైభాగం చుట్టూ కొవ్వులాంటి పదార్థంతో పొర కట్టి ఉంటుంది. కొస దగ్గర మాత్రం పొర ఉండదు. అక్కడ కాస్త ఆక్సిజన్ బయటికి పొంగి, వేరు చుట్టూ ఉన్న విషపు సల్ఫైడ్‌ను విరిచేస్తుంది, కరిగిన ఇనుమును మళ్లీ తుప్పుగా పేరుస్తుంది. వరి మొక్కను పీకి కడిగితే వేళ్ల మీద కనిపించే ఎర్రటి పూత అదే. ఆ ఎరుపు మంచి గుర్తు. వేళ్లు నల్లబడి కంపు కొడుతుంటే బురదలోని సల్ఫైడ్ గెలిచిందని, మడిలో నీరు తీసి నేలను ఆరనివ్వాలని అర్థం.

జమ్ము, తుంగ, కిక్కిస గడ్డి, కలువ, తామర అన్నిటిలోనూ ఈ గాలి గదులున్నాయి. తామర తూడు కోస్తే కనిపించే రంధ్రాలు ఇవే. వాటిలో కొన్ని ఇంకో అడుగు ముందుకేశాయి. 1980లో జాన్ డేసీ అనే శాస్త్రజ్ఞుడు పసుపు పూల కలువ ఒకదాన్ని పరిశీలించి, దాని లోపల గాలి వీస్తోందని చూపించాడు. ఎండకు లేత ఆకులు వెచ్చబడి, లోపల ఒత్తిడి పెరిగి, గాలి కాడ గుండా బురదలోని దుంపలోకి దిగుతుంది, అక్కడి నుంచి ముదురు ఆకుల కాడల గుండా బయటికి వెళుతుంది. తామర కూడా ఇదే పద్ధతిలో ఆకుల నుంచి దుంపకు గాలి పంపుతుందని తర్వాత తేలింది. అయితే తిరిగొచ్చే గాలిలో బురదలో పుట్టిన మీథేన్ కూడా ఉంటుంది. వరి మడుల నుంచి మీథేన్ బయటికి వచ్చే ప్రధాన దారీ మొక్క లోపలి ఈ గాలి గొట్టాలే.

మొక్క మొత్తం మునిగితే?

వేరు మునిగితే ఆకు కాపాడుతుంది. ఆకు కూడా మునిగితే? ఇక్కడ వరిలోనే రెండు పూర్తిగా ఎదురెదురు జవాబులున్నాయి. ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే.

మొక్క ఎప్పుడూ ఇథిలీన్ అనే వాయువును కొద్దికొద్దిగా తయారుచేస్తూ ఉంటుంది. మామూలుగా అది గాల్లోకి పోతుంది. నీట మునిగితే బయటికి పోలేక లోపలే పోగవుతుంది. తాను మునిగానని మొక్కకు తెలిసేది ఇలాగే. బంగ్లాదేశ్, థాయ్‌లాండ్ వరద మైదానాల్లో పండే లోతు నీటి వరి ఈ కబురు అందగానే కణుపుల మధ్య కాడను సాగదీస్తుంది, అనుకూలిస్తే రోజుకు 20 సెంటీమీటర్లకు పైగా పెరిగి నీటి మట్టంతో పాటు పైకి వస్తుంది. ఇందుకు కారణమైన రెండు జన్యువులను జపాన్ శాస్త్రజ్ఞులు 2009లో గుర్తించి స్నార్కెల్ అని పేరు పెట్టారు. నెలల తరబడి నిలిచే వరదకు ఈ ఉపాయం సరిపోతుంది.

వరద పది రోజుల్లో దిగిపోయే చోట ఇదే ఉపాయం ప్రాణం తీస్తుంది. ఉన్న పిండిపదార్థమంతా పెరగడానికి ఖర్చుచేసి, నీరు దిగాక సన్నబడిన కాడ నిలబడలేక పడిపోతుంది. ఒడిశాకు చెందిన పాత రకం ఎఫ్ఆర్13ఏ మరోలా చేస్తుంది. అదే ఇథిలీన్ కబురు అందగానే పెరుగుదల ఆపేసి, నిల్వలను పొదుపు చేసుకుని కదలకుండా ఉంటుంది. నీరు దిగాక ఆ నిల్వలతో కొత్త ఆకు వేస్తుంది. ఈ గుణాన్నిచ్చే సబ్1ఏ జన్యువును 2006లో వెల్లడించారు.

ఇందులో మన పశ్చిమ గోదావరికి సొంత భాగం ఉంది. మారుటేరు పరిశోధన స్థానం నుంచి 1982లో విడుదలైన ఎంటీయూ 7029, అంటే స్వర్ణ, తూర్పు భారతమంతా పాకిన రకం. దానికి ముంపును ఓర్చే శక్తి లేదు. ఎఫ్ఆర్13ఏ నుంచి వచ్చిన సబ్1 గుణాన్ని స్వర్ణలోకి సంకరంతో ఎక్కించారు. మిగతా లక్షణాలన్నీ స్వర్ణవే ఉండేలా తరం తరం వడగట్టారు. అలా వచ్చిన స్వర్ణ సబ్1 భారతదేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాలు పూర్తిగా మునిగినా తేరుకుంటుంది. ఒడిశా పల్లపు పొలాల రైతులు ఎప్పుడో ఎంచి దాచుకున్న విత్తనం, మారుటేరు శ్రమ, ఇంత దూరం వచ్చి కలిశాయి.

నీరు ఉప్పుదైతే?

కోరంగి అభయారణ్యం కాకినాడకు దగ్గర్లో, గోదావరి సముద్రంలో కలిసే చోట 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణంలో ఉంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడి చెట్లకు గాలి లేని బురద ఒక కష్టం, ఉప్పు రెండో కష్టం, రోజుకు రెండుసార్లు వచ్చిపోయే పోటు మూడోది.

పాటు వేళ బురద బయటపడినప్పుడు తెల్లమడ, నల్లమడ చెట్ల చుట్టూ జానెడు ఎత్తున వేల కొద్దీ వేళ్లు నిటారుగా పొడుచుకుని ఉంటాయి. వాటి ఒంటి నిండా సూది బెజ్జాలంత రంధ్రాలు. గాలి దూరుతుంది గానీ నీరు దూరదు. పోటు వచ్చి అవి మునిగితే లోపలి ఆక్సిజన్‌ను వేరు వాడేసుకుంటుంది. బదులుగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగిపోతుంది. దాంతో వేరు లోపల ఒత్తిడి తగ్గుతుంది. నీరు దిగి రంధ్రాలు తేలగానే, నొక్కి వదిలిన రబ్బరు బుడ్డిలా, వేరు బయటి గాలిని ఒక్కసారిగా లోపలికి లాక్కుంటుంది. పెర్ షొలాండర్ అనే శాస్త్రజ్ఞుడి బృందం 1955లో ఈ విషయాన్ని కొలిచి చూపింది. మడ అడవిలోనే పెరిగే మరో రకం, ఉప్పు పొన్న చెట్ల ఊత వేళ్ల మీది రంధ్రాలకు వాళ్లు గ్రీజు పూస్తే, బురదలోని వేరులో ఆక్సిజన్ రెండు రోజుల్లో దాదాపు అడుగంటింది. సముద్రం మీద చమురు తెట్టు కట్టి మడ అడవిలోకి వస్తే చెట్లు ఎందుకు చస్తాయో ఈ ప్రయోగమే చెబుతుంది.

ఉప్పు విషయంలో ఒక్కో చెట్టుది ఒక్కో దారి. పొన్న వేరు దగ్గరే ఉప్పును ఆపేస్తుంది. నీటిలోని ఉప్పులో నూటికి 99 వంతులు లోపలికి రానివ్వదు. తెల్లమడ, నల్లమడ చెట్లు చాలావరకు ఆపి, దాటి వచ్చినదాన్ని ఆకు మీది గ్రంథుల గుండా బయటికి చెమర్చేస్తాయి. ఎండ పూట మడ ఆకును వేలితో రుద్దితే ఉప్పు గింజలు తగులుతాయి. ఇక పోటు బాధకు పొన్న చేసిన ఏర్పాటు గింజను చెట్టు మీదే మొలకెత్తించడం. మూరెడు పొడుగు మొలక తల్లి చెట్టుకు వేలాడి, తయారయ్యాక రాలి, బురదలో నిలబడితే వెంటనే వేరు తన్నుతుంది. వదులు బురదలో పడ్డ చిన్న గింజను తర్వాతి పోటు ఎత్తుకుపోతుంది, అంత పొడుగు మొలకకు నిలదొక్కుకునే వీలు ఎక్కువ.

మరో విశేషం: సముద్రపు నీటిలో సల్ఫేట్ పుష్కలం కాబట్టి మడ బురదలో సల్ఫేట్ బృందమే గెలుస్తుంది, మీథేన్ బృందానికి మేత మిగలదు. ఆకులు, వేళ్లు కుళ్లడమూ నెమ్మదే. అందుకే మంచినీటి చిత్తడి నేలలతో పోలిస్తే మడ అడవి తక్కువ మీథేన్ వదులుతూ, ఎక్కువ కర్బనాన్ని బురదలో దాస్తుంది.

నీరు ఎప్పుడూ ఉంటే మంచిదేగా?

కొల్లేరు గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు ఈ ప్రశ్నలోనే ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య లోతట్టులో, బుడమేరు, తమ్మిలేరు వంటి వాగుల నీరు చేరి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోయే సరస్సు అది. వానాకాలంలో పెరుగుతుంది, వేసవిలో కుదించుకుపోతుంది. 1999లో ప్లస్ 5 అడుగుల కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యమయింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. అభయారణ్యం హద్దుల్లోకి వచ్చిన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం కొట్టించింది. చాలాచోట్ల మళ్లీ లేచాయి. ఆ చెరువుల మీద బతికే కుటుంబాల కష్టం చిన్నది కాదు, దాన్ని పక్కన పెట్టి మాట్లాడడం న్యాయం కాదు.

అయినా చేపల చెరువులోనూ నీరే ఉంది కదా, కొల్లేరుకు వచ్చిన నష్టమేమిటని అడిగేవాళ్లకు జవాబు చెప్పాలి. గట్టు కట్టిన చెరువులో నీటి మట్టం నెలల తరబడి ఒక్కలాగే ఉంచుతారు. చిత్తడి మొక్కల్లో చాలావాటి విత్తనాలు నీటి అడుగున మొలవవు. నీరు తీసి బురద తేలి, గాలీ వెలుతురూ తగిలాకే మొలుస్తాయి. తర్వాత నీరు పెరిగితే దానితో పాటు పెరుగుతాయి. నీరు దిగినప్పుడు మట్టికి ఆక్సిజన్ అందుతుంది, ఇనుము తుప్పుగా మారి భాస్వరాన్ని మళ్లీ పట్టుకుంటుంది, అమ్మోనియా నైట్రేట్‌గా మారుతుంది. నీరు తిరిగొచ్చాక ఆ నైట్రేట్ వాయువై పోతుంది. శుద్ధి జరిగేది ఈ రాకపోకల వల్లే. లోతు తగ్గే అంచుల్లోనే కొంగలు, ఉల్లంకులు మేత వెతుక్కుంటాయి. ఎప్పుడూ ఒకే లోతున్న నీటిలో ఇవన్నీ ఆగిపోతాయి. నీరు ఎంత విస్తీర్ణంలో ఉందన్న లెక్కకన్నా, ఏ నెలలో ఎంత పెరిగి ఎంత తగ్గుతోందన్న లెక్క కొల్లేరుకు ముఖ్యమని నా గట్టి అభిప్రాయం.

అలాగని పూర్తిగా ఎండగట్టినా ప్రమాదమే. మడ బురదలో శతాబ్దాలుగా పోగైన సల్ఫైడ్ ఇనుముతో కలిసి పైరైట్ రూపంలో నిద్రపోతూ ఉంటుంది. నీటి కింద ఉన్నంతకాలం హాని లేదు. రొయ్యల చెరువు కోసం తవ్వి గట్టు మీద పోసి గాలికి వదిలేస్తే, అది ఆక్సిజన్‌తో కలిసి గంధకామ్లమవుతుంది. వాన పడ్డప్పుడల్లా గట్టు నుంచి ఆ పులుపు చెరువులోకి కారుతుంది, మట్టిలోని అల్యూమినియం కరిగి చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. కేరళ కుట్టనాడులో కరి నేలల రైతులు ఈ ఆమ్లంతో తరతరాలుగా సున్నం చల్లుతూ పోరాడుతున్నారు.

గోదావరి, కృష్ణా మడ అడవుల్లో చెట్లు పోయి బోసిపడిన చోట్ల సమస్య ఇంకో రకం. చెట్లు నరికాక నేల కుంగి, లోపలికి వచ్చిన పోటు నీరు తిరిగి వెళ్లలేక అక్కడే ఎండి, ఏటికేడు ఉప్పు పేరుకుంది. అక్కడ మొక్కలు నాటితే నాటినవన్నీ మాడిపోయేవి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, మత్స్యకార గ్రామాల వాళ్లు కలిసి అలాంటి చోట్ల ముందు మొక్క జోలికి పోలేదు. ఏటి పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు, చేప వెన్నుముల్లు ఆకారంలో తవ్వారు. పోటు ఆ కాలువల్లోకి వచ్చి పోవడం మొదలయ్యాక ఉప్పు కడుక్కుపోయింది. ఆ తర్వాత కాలువ గట్ల వాలు మీద, పోటు తాకే ఎత్తు చూసుకుని, మడ మొక్కలు నాటారు.